ఫజల్ మిస్త్రీ చెవి

కోరుట్లలో వేములవాడ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బోర్డెందుకు? ఫజల్ మిస్త్రీ షెడ్డు ఎక్కడా అని అడిగితే కోరుట్లలోనే కాదు, మేడిపల్లిలోనూ రుద్రంగిలోనూ చెప్పేవాళ్ళున్నారు. అతని చెవికి అంత పేరు మరి. బండి ఇంకా మలుపు తిరగకముందే, లోపల చాయ్ తాగుతూ కూర్చుని, "మూడో సిలిండర్ సక్కగ కొడ్తలేదు, నాజిల్ ఇప్పాలె" అనేవాడు. యజమాని దిగి బానెట్ ఎత్తేసరికి మిస్త్రీ పానాతో సిద్ధంగా ఉండేవాడు. జనం దీన్ని కథలు కథలుగా చెప్పుకునేవారు. జనానికేం, ఒకటి చూస్తే పది చెబుతారు. కానీ అందులో సగం నిజమే.

ఆ చెవి తయారైంది రియాద్‌లో. ఫజలుద్దీన్ ముప్పయ్యో ఏట అక్కడికి పోయి పదమూడేళ్ళు ఒక గ్యారేజీలో పనిచేశాడు. అక్కడి షేకుల కార్లలో కొన్నింటికి సూపర్‌ఛార్జర్లు ఉండేవి. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, బెల్టుతో తిరిగే పంకా ఒకటి పెట్టి గాలిని లోపలికి కుక్కుతారు. కుక్కిన గాలి దారిలో ఎక్కడైనా బయటికి పోయిందా, ఇక ఆ కారు పని అయిపోయినట్టే. చూడ్డానికి కొండంత ఉంటుంది, చిన్న వంతెన ఎక్కమంటే రొప్పుతుంది. గ్యారేజీ ఉస్తాద్ పెషావర్ ముసలాయన. మొదటి ఆర్నెల్లు పానా ముట్టుకోనియ్యలేదు. "ముందు విను" అనేవాడు. బెల్టు జారితే ఒక రకం కూత, క్లిప్పు వదులైతే ఒక రకం ఊదుడు, గొట్టం చిరిగితే సన్నటి ఈల. ఆ ఈలను మూడు కార్ల అవతలి నుంచి పట్టుకున్న రోజున ఉస్తాద్ తన చేతి గడియారం విప్పి ఫజలుద్దీన్‌కు పెట్టాడు. ఆ గడియారం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అయినా అది అతని చేతికే ఉంటుంది.

తిరిగొచ్చాక కోరుట్లలో సూపర్‌ఛార్జర్ కార్లు ఎవరి దగ్గరుంటాయి? కానీ కొద్ది రోజులకే టర్బో జీపులు దిగాయి. బెల్టుకు బదులు ఇంజను పొగతోనే తిరిగే పంకా, అంతే తేడా. అవి పికప్ లేక మొరాయిస్తే జగిత్యాల మెకానిక్కులు కూడా తలలు పట్టుకుని, "కోరుట్ల సాయిబుకు సూపియ్యి" అని పంపేవాళ్ళు. మిస్త్రీకి ఎదురు లేకుండా పోయింది.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, నేను చెబుతున్న 2011 నాటికి ఆ చెవి పోయింది.

మొత్తంగా పోలేదు. మాటలు వినిపించేవి, హారన్లు వినిపించేవి, సుత్తి దెబ్బ వినిపించేది. సన్నటి చప్పుళ్ళు మాత్రం ఒకటొకటిగా తప్పుకున్నాయి. ముందు పిచ్చుకలు పోయాయి, ఆ తర్వాత ఫోను మోత. ఒకరోజు భార్య రషీదాబీ నమాజుకు కూర్చుంటూ, కుక్కర్ మూడు విజిల్స్ వేశాక స్టవ్ ఆపమని చెప్పింది. అతను స్టవ్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆమె లేచి వచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ, పక్కనే పెనిమిటి పేపరు చదువుకుంటున్నాడు.

"డాక్టరుకు చూపెట్టుకోండి" అన్నది ఆమె.

"పేపర్ల పడి మర్చిపోయిన" అన్నాడతను.

ఆమె మళ్ళీ అనలేదు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఏది మరుపో ఏది అబద్ధమో ఆమెకు తెలియక కాదు. చెవి పోయిందని బయటపడితే షెడ్డు ముందు బండి ఆగదని అతని భయం. ఆ భయంతోనే మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. చెవి చేసే పని చేతికి అప్పజెప్పాడు. ఇంజను మీద అరచెయ్యి పెట్టేవాడు, గొట్టాలు నొక్కి చూసేవాడు, పొగ రంగు చూసేవాడు. పదిలో తొమ్మిది బండ్లు అలా దారికొచ్చేవి. పదో బండే మహిపాల్ జీపు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. నెల కావొస్తోంది. బస్సులు డిపోలు దాటి రావడం లేదు, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు. ఊరు దాటాలంటే జీపులే దిక్కు. మహిపాల్ మస్కట్ నుంచి వచ్చేసి జీపు కొనుక్కున్న కుర్రాడు, ఉద్యమమంటే ప్రాణం పెట్టేవాడు. జీపు ముందు భాగం మొత్తం కప్పేస్తూ ఒక ఫ్లెక్సీ కట్టాడు. పైన జై తెలంగాణ, కింద తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలు. గాలికి లేచిపోకుండా జాలీ సందుల్లోంచి బైండింగ్ వైరు దూర్చి, లోపల దొరికిన దానికల్లా చుట్టి బిగించాడు. ఆ ఫ్లెక్సీ చూస్తే ఏ ఊరి రాస్తారోకోలోనైనా దారి ఇచ్చేవాళ్ళు. అప్పట్లో దాన్ని మించిన పర్మిట్ లేదు.

సోమవారం పొద్దున మహిపాల్ షెడ్డుకు వచ్చాడు.

"చాచా, పికప్ పోయింది. మూడో గేర్ల గుంజుతలేదు. నల్లటి పొగ. రేపు లచ్చన్నను సిరిసిల్ల తీసుకపోవాలె."

మిస్త్రీకి లచ్చయ్య తెలియనివాడు కాదు. షెడ్డు వెనక వాడలోనే ఇల్లు, ఊరి చివర రెండెకరాల చెలక. కిడ్నీలు పాడై ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు సిరిసిల్లలో ఒక ప్రైవేటు దవాఖానలో మిషను పెట్టి రక్తం శుభ్రం చేయించుకోవాలి. శుక్రవారం బంద్ వల్ల పోలేకపోయాడు. ఒకటి తప్పితేనే కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే రాత్రులు గడుపుతున్నాడు. రెండోది కూడా తప్పితే మా చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు ఫోన్లో చెప్పాడు.

మిస్త్రీ తన వరుస ప్రకారం పోయాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపాడు, గుప్పెడు దుమ్ము రాలింది. టర్బో పంకాను వేలితో కదిపి చూశాడు, వదులు కాలేదు. ఒత్తిడి ఎక్కువైతే గాలిని వదిలే గేటు రాడ్డును లాగి వదిలాడు, బాగానే పలికింది. బానెట్ కింద కనిపించే క్లిప్పులన్నీ బిగించాడు. డీజిల్ ఫిల్టర్ మార్చాడు. ఇక మిగిలింది ముందుభాగం. టర్బో ఊదిన వేడి గాలి రబ్బరు గొట్టంలో ముందుకు పోయి, రేడియేటర్ ముందున్న ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, మళ్ళీ వెనక్కి ఇంజనులోకి వస్తుంది. ఆ గొట్టం చూడాలంటే ఫ్లెక్సీ విప్పాలి. మిస్త్రీ దాని ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. ఆ రోజుల్లో నడిరోడ్డు మీద ఆ ఫ్లెక్సీ మీద చెయ్యి వెయ్యడానికి ఎవరైనా జంకేవారు. సాయిబు కాబట్టి తను వేస్తే ఒక మాట ఎక్కువే పడుతుందేమోనని అతనికి లోపల ఉంది. విప్పలేదు.

ట్రయలుకు ఇద్దరూ మెట్‌పల్లి వైపు రెండు కిలోమీటర్లు పోయొచ్చారు. ఫిల్టర్ దులపడం వల్ల కాస్త తేడా కనిపించింది.

"చాచా, గట్టిగ తొక్కితే సుయ్యి మని ఏదో సప్పుడు అయితున్నట్టు లేదా?" అన్నాడు మహిపాల్.

మిస్త్రీకి ఏమీ వినిపించలేదు. వినిపించలేదని చెప్పి ఉంటే ఈ కథే లేదు.

"గది టర్బో తిరిగే సప్పుడు. గట్లనే ఉంటది. తీస్కపో" అన్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి జీపు మళ్ళీ షెడ్డు ముందు ఆగింది. వదిలిన పొగకు వెనకాల రోడ్డు కనబడడం లేదు. ముందు సీట్లో లచ్చయ్య రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. వెనక సీట్లో అతని భార్య నర్సవ్వ, ఒడిలో బీడీల చాట. ఏ కష్టమొచ్చినా ఆమె చాట విడవదు. కానీ ఆ రోజు ఆకు మీద చెయ్యి కదలడం లేదు.

"చాచా, నిన్నటిలెక్కనే ఉంది. ఇంకా ఎక్కువైంది. పన్నెండింటికి మిషను మీద పండవెట్టాలెనట. ఒంటిగంట దాటితే ఇంకొకల్లకు ఇస్తరట" అన్నాడు మహిపాల్.

"ఇంకో బండి?"

"ఉన్నయన్ని మీటింగుకు పోయినయి. నూట ఎనిమిదికి జేస్తే జగిత్యాల దాక అన్నరు. జగిత్యాలల అడిగితే మిషను ఖాళీ లేదన్నరు."

మిస్త్రీ పానాల సంచి భుజాన వేసుకుని నర్సవ్వ పక్కన ఎక్కాడు. షెడ్డు తలుపు వెయ్యడం కూడా మర్చిపోయాడు. చేసిన రిపేరు నిలవకపోవడం అతనికి కొత్త. కానీ అతను బండెక్కింది అందుకు కాదు. సుయ్యి మని అయితున్నట్టు లేదా అన్న కుర్రాడి మాట రాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు.

కథలాపూర్‌లో రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టి ఉన్నాయి. ఫ్లెక్సీ చూసి కుర్రాళ్ళే బండ్లు పక్కకు లాగారు. ఒకడు ఫ్లెక్సీ మీది ఫొటోలకు దండం పెట్టుకున్నాడు. మహిపాల్ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ముందు ఊళ్ళలో దారి ఎలా ఉందో కనుక్కుంటున్నాడు. చదును రోడ్డు మీద నలభై దాటడం లేదు జీపు. ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టే ఉంది. మిస్త్రీ చెవులు రిక్కించాడు. టైర్ల మోత వినిపించింది, కిటికీ గాలి వినిపించింది, లచ్చయ్య ఊపిరి వినిపించింది. కావలసింది మాత్రం వినిపించలేదు.

"అన్నా, పోతమా?" అన్నది నర్సవ్వ నెమ్మదిగా. మొగుడికి వినపడకూడదని.

"పోతం చెల్లె" అన్నాడు. ఆ మాట చెప్పడానికి తనకేం అర్హత ఉందో అతనికే తెలియదు.

రుద్రంగికి ముందు గుట్టల మధ్య ఒక ఎక్కుడు ఉంటుంది. పెద్దదేమీ కాదు, నిండు ట్రాక్టర్లు కూడా ఎక్కిపోతాయి. జీపు సగంలో నీరసించింది. రెండో గేరు, మొదటి గేరు, మహిపాల్ కాలు ఫ్లోరుకు ఆనింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు నడకలో తిరుగుతున్నాయి, వెనకాల పొగ చెట్లను కప్పేస్తోంది. వేడిముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. మిస్త్రీ ఆపించి, దిగి, బానెట్ ఎత్తాడు. మహిపాల్‌ను యాక్సిలరేటర్ తొక్కమని, ఇంజనులోకి వచ్చే గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. గాలి నిండితే ఆ గొట్టం రాయిలా బిగుసుకోవాలి. ఇది మెత్తగా, చచ్చినట్టు ఉంది.

ఇంతవరకు చెయ్యి చెప్పగలిగింది. టర్బో ఊదుతోంది, గాలి ఇంజనుకు చేరడం లేదు, దారిలో ఎక్కడో పోతోంది. ఎక్కడో మాత్రం చెయ్యి చెప్పలేదు. గొట్టం నాలుగు చోట్ల మలుపు తిరుగుతుంది, నాలుగు ముక్కలు, ఎనిమిది క్లిప్పులు. అన్నీ విప్పి చూడాలంటే సలసల కాగే ఇంజను మీద రెండు గంటల పని. చెవి ఉంటే రెండు నిమిషాలు. అతను తల లోపలికి వంచి ఊపిరి బిగబట్టి విన్నాడు. రెప్ప పక్కన చెమట జారింది. ఏమీ లేదు.

"దొరికిందా చాచా?"

"నడువు, నడువు. ఊరు దాటినంక జూద్దాం" అన్నాడు మిస్త్రీ. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

నర్సవ్వ కూడా దిగి మిస్త్రీతో కలిసి వెనక నుంచి నెట్టగా జీపు ఎలాగో ఎక్కుడు దాటింది. నర్సవ్వ ఎక్కి కూర్చున్నాక చూస్తే చాటలో బీడీలన్నీ కింద పడి ఉన్నాయి. ఆమె ఏరుకోలేదు.

రుద్రంగిలో ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. నాలుగైదు డప్పులు ఒకటే మోత. రెండు మూడు వందల మంది ఉంటారు. వాళ్ళకు పెద్ద పెంటయ్య, అరవై దాటిన మనిషి. అతని ట్రాక్టరును మిస్త్రీ ఎన్నిసార్లు బాగుచేశాడో లెక్క లేదు. ఫ్లెక్సీ చూసి, లచ్చయ్యను చూసి పెంటయ్య చెయ్యి ఊపాడు.

"జరుగుండ్రి, పేషంటు బండి. జరుగుండ్రి."

జనం జరిగారు. పొయ్యిల మధ్య జీపు పట్టేంత సందు వచ్చింది. మహిపాల్ గేరు వేశాడు. సమయం పదిన్నర దాటింది. ఇంకా సగం దారి ఉంది, ముందు ఇంకా పెద్ద ఎక్కుడు ఉంది. ఈ లెక్కన అది ఎక్కదు. ఎక్కక అడవి మధ్య ఆగిపోతే అటు మనిషి ఉండడు, ఇటు బండి ఉండదు. లచ్చయ్య తల పక్కకు వాలింది. పెదాల రంగు మారిపోయింది.

"ఆపు" అన్నాడు మిస్త్రీ.

"తొవ్వ ఇచ్చిండ్రు గదా చాచా."

"ఆపుమన్న గదా."

దిగాడు. పెంటయ్య దగ్గరికి పోయి, డప్పులు ఒక్క ఐదు నిమిషాలు ఆపించమన్నాడు. బండిలో గాలి పోతున్నది, ఎక్కడ పోతున్నదో వినాలి అన్నాడు. మిస్త్రీ చెవి సంగతి పెంటయ్యకు కొత్తగా చెప్పాలా? చెయ్యి ఎత్తాడు. డప్పులు ఆగాయి. నినాదాలు ఆగాయి. పొయ్యి దగ్గర ఆడవాళ్ళు గరిటెలు కదపడం కూడా మానేశారు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం ఎవరూ చూసి ఉండరు. అందరూ ఫజల్ మిస్త్రీ చెవి పనిచేయడం చూడాలని గుండ్రంగా నిలబడ్డారు.

మిస్త్రీ బానెట్ ఎత్తి మహిపాల్‌కు చెప్పాడు. "హ్యాండ్ బ్రేకు గుంజు. రెండో గేరెయ్యి. క్లచ్ సగం ఇడువు. ఇప్పుడు తొక్కు." ఇంజను మీద బరువు పడితేనే గాలి ఒత్తిడి పెరుగుతుంది, ఊరికే తొక్కితే చిరుగు నోరు తెరవదు. జీపు ముందుకు పోలేక వణికింది. మిస్త్రీ వంగాడు. ఎడమ చెవి పెట్టాడు, కుడి చెవి పెట్టాడు. చెయ్యి ఊపి ఇంకా తొక్కమన్నాడు.

ఇంజను గుర్రుమనడం వినిపించింది. అంతకు మించి ఒక్క పిసరు లేదు.

ఇప్పుడు కూడా అతను ఏదో ఒకటి చెప్పగలడు. టర్బో పోయింది అనొచ్చు, ఇక్కడ కాదు అనొచ్చు, నమ్ముతారు. మూడు వందల మంది ముఖాలు నమ్మడానికి సిద్ధంగా ఉన్నాయి. మిస్త్రీ తలెత్తి, బానెట్ పక్కకు వంగి అద్దంలోంచి లచ్చయ్యను చూశాడు. లచ్చయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి, సరిగ్గా ఇతన్నే చూస్తున్నాయి.

మిస్త్రీ నిటారుగా నిలబడ్డాడు.

"నాకు వినవడ్తలేదు" అన్నాడు.

"ఇంకా తొక్కాల్నా చాచా?" అన్నాడు మహిపాల్.

"ఎంత తొక్కినా వినవడది. నా చెవు పోయింది. మూడేండ్లయింది. నిన్న నువ్వు సప్పుడు అయితుంది అన్నవు గదా, నాకు వినవడలే. వినవడనిదాన్ని టర్బో సప్పుడని చెప్పిన. తప్పు చేసిన. ఎవలన్న ఇని చెప్పుండ్రి."

మహిపాల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ తిట్టడానికి సమయం లేదు. అంతలో నర్సవ్వ చాట పక్కన పెట్టి దిగింది. కొంగు బిగించి బానెట్ దగ్గరికి వచ్చింది.

"నేను ఇంట. ఏం ఇనాలె?"

"కుక్కర్ విజిల్ ఏసే ముందు సుయ్యి మంటది సూడు, గట్ల."

"మా ఇంట్ల కుక్కర్ లేదన్నా."

"సైకిల్ ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే గాలి పోతది గదా."

"గది తెలుసు" అన్నది నర్సవ్వ.

మహిపాల్ మళ్ళీ తొక్కాడు. ఆమె తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, రెండడుగులు పక్కకు వేసింది, జీపు ముందుకు వచ్చి ఒంగింది. మిస్త్రీ ఆమె ముఖం తప్ప ఇంకేమీ చూడడం లేదు. ఆమె చెయ్యి నెమ్మదిగా లేచి ఫ్లెక్సీ ఎడమ మూల మీద ఆగింది.

"గీడ. గీ బొమ్మల ఎనుక."

ఎంత పిచ్చివాణ్ణి అనుకున్నాడు మిస్త్రీ. జంకి వదిలేసింది అదొక్కటే కదా. సంచిలోంచి కటింగ్ ప్లయరు తీశాడు. తీసి ఆగాడు. జనంలో ఒక కదలిక వచ్చింది. మహిపాల్ బండి దిగొచ్చి ఫ్లెక్సీకి అడ్డంగా నిలబడ్డాడు.

"చాచా, వీళ్ళు మన కోసం పానం తీసుకున్న పిలగాండ్లు. నడిరోడ్డు మీద కోత్తమా? ఇంకోటి, గిది లేకుంటే ముందట ఎవడు ఇడుస్తడు?"

ఎవరో వెనక నుంచి అవునవునన్నారు. మిస్త్రీ ప్లయరు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. జవాబు పెంటయ్య చెప్పాడు.

"గా పిలగాండ్లు ఎందుకు సచ్చిండ్రురా? మనం బతకాలెననే గదా. లచ్చన్నను గీడ సంపుకుని, గా బొమ్మలు పట్టుకుని యాడికి పోదామని?" ముసలాయన ముందుకు వచ్చాడు. "కొయ్యద్దు. వైరు కోద్దాం. బొమ్మను నేను పట్టుకుంట."

పెంటయ్య ఒక కొస, మహిపాల్ ఒక కొస పట్టుకున్నారు. మిస్త్రీ ఒక్కో వైరూ తెంపాడు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఫ్లెక్సీని కింద తగలనీయకుండా చీర మడతపెట్టినట్టు మడిచి జీపు వెనక సీట్లో పెట్టారు. మిస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని జాలీ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. కనబడింది. మహిపాల్ జాలీలోంచి దూర్చి బిగించిన బైండింగ్ వైరు రబ్బరు గొట్టాన్ని చుట్టుకుని ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా అది గొట్టాన్ని రంపంలా కోస్తూ వచ్చింది. వేలెడు పొడుగు చిరుగు. ఇంజను ఊరికే తిరిగినప్పుడు పెదాల్లా మూసుకుని ఉంటుంది, ఒత్తిడి పడగానే తెరుచుకుంటుంది. ఫ్లెక్సీని ఎంత గట్టిగా కట్టాడో గొట్టం అంత లోతుగా తెగింది.

మహిపాల్ చూశాడు. ఆ రోజు ఎవరి తప్పు ఎక్కువని తూచుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

"సైకిల్ ట్యూబు గావాలె" అన్నాడు మిస్త్రీ.

పెంటయ్య తన సైకిల్‌ను అక్కడే పడుకోబెట్టి వెనక చక్రం ట్యూబు గుంజి ఇచ్చాడు. మిస్త్రీ దాన్ని పొడుగ్గా కోసి, చిరుగు చుట్టూ లాగి లాగి ఆరు చుట్లు చుట్టాడు. వేడికి వేళ్ళు బొబ్బలెక్కాయి. పైన కట్టడానికి తీగ కావలసి వచ్చింది. చేతికి అందేంత దూరంలో ఉన్నది ఆ బైండింగ్ వైరే. దాంతోనే బిగించాడు.

మళ్ళీ తొక్కించి గొట్టం పట్టుకున్నాడు. గుప్పిట్లో అది బిగుసుకుంది. నర్సవ్వ వైపు చూశాడు.

"లేదన్నా. ఇప్పుడు లేదు" అన్నది ఆమె.

పదకొండుంబావుకు రుద్రంగి దాటారు. పెద్ద ఎక్కుడును జీపు మూడో గేరులో ఎక్కింది. పొగ లేదు. మిస్త్రీ వీపుకు సీటు తన్నడం తెలిసింది, టర్బో పట్టుకుందని అర్థమైంది. వేములవాడ చౌరస్తాలో కుర్రాళ్ళు అడ్డం వచ్చారు. ముందు ఫ్లెక్సీ లేని బండిని చూసి ఎవడో రాయి కూడా ఎత్తాడు. మహిపాల్ ఫ్లెక్సీ తియ్యడానికి వెనక్కి తిరిగేలోపే నర్సవ్వ దాన్ని కిటికీలోంచి బయటికి పరిచి, చివర్లు రెండు చేతులతో పట్టుకుంది. సిరిసిల్ల చేరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. గాలికి అది కొట్టుకుంటుంటే ఆమె చేతులు బొమికల దాకా నొప్పిపెట్టాయి, విడవలేదు.

దవాఖాన మెట్ల దగ్గర గోడ గడియారం పన్నెండు ముప్పై ఐదు చూపించింది. లచ్చయ్యను మోసుకుని పోయి మిషను మీద పడుకోబెట్టారు. నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటలూ మిస్త్రీ వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మహిపాల్ చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు, తనూ ఆ బల్ల చివరన కూర్చున్నాడు. రుద్రంగిలో మూడు వందల మంది విన్నారు. రేపటికి జగిత్యాల దాకా పాకుతుంది. ఇక షెడ్డు మూసుకోవడమేనని మిస్త్రీ మనసులో రాసేసుకున్నాడు. విచిత్రమేమిటంటే, మూడేళ్ళలో మొదటిసారి మెడ నరాలు కాస్త వదులైనట్టు అనిపించింది.

సాయంత్రం లోపలికి పిలిచారు. లచ్చయ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలకు రంగు వచ్చింది. ఊపిరి మామూలుగా తీస్తున్నాడు.

"ఫజలన్నా, గట్ల ముఖం ఏలాడేసినవేంది? బతికిన గదా" అన్నాడు.

"నా వల్ల సచ్చేదుంటివి లచ్చన్నా."

లచ్చయ్య దిండు సర్దుకున్నాడు.

"గా సప్పుడు నేను ఇన్న."

"ఏ సప్పుడు?"

"సుయ్యి మని. కోరుట్లల బండెక్కినప్పటి సంది ఇంటనే ఉన్న. ముందు సీట్ల కూసున్న గదా, నా కాళ్ళ ముందటనే అయింది. ఎక్కుడు మీదనైతే మస్తుగ అయింది."

మిస్త్రీ మంచం దగ్గరికి జరిగాడు.

"మరి ఒక్క మాట అనకపోతివి?"

"ఎనుక నువ్వు కూసున్నవు. గంత సన్న సప్పుడు నాకే వినవడ్తే నీకు వినవడదా అనుకున్న. నీ చెవు ముందట నేనేం చెప్త?" లచ్చయ్య నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "సచ్చిపోయినా చెప్పకపోదును అన్నా."

మిస్త్రీ మంచం పట్టె పట్టుకుని అక్కడే కింద కూర్చుండిపోయాడు. నర్సవ్వ నీళ్ళు ఇచ్చింది. తాగలేదు.

షెడ్డు మూయలేదు, మూయనివ్వలేదు అనడం సరైన మాట. రషీదాబీ మరునాడే అతన్ని వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కొందరు బండ్లు వేరే చోటికి తిప్పుకున్నారు, వాళ్ళను తప్పుపట్టలేం. చాలామంది మళ్ళీ వచ్చారు. లచ్చయ్య ఇంకో రెండేళ్ళ మూడు నెలలు బతికాడు. పోయేదాకా మహిపాల్ జీపులోనే ముందు సీట్లో సిరిసిల్ల పోయొచ్చాడు.

ఎవరైనా బండి తీసుకొస్తే ఫజల్ మిస్త్రీ ఇప్పుడు వెంటనే బానెట్ ఎత్తడు. ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెడతాడు. చాయ్ తెప్పిస్తాడు. "నాకు సన్న సప్పుళ్ళు వినవడయి. నీకేమేం వినవడ్డయో ముందు నువ్వు చెప్పు" అంటాడు. వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా పానా ముట్టుకోడు.